అల్లిక సూదియు, అల్లినవారి కూలియు



సంఘపు కానుక డబ్బుతో మన స్త్రీలకును యౌవనులకును చేతిపని నేర్పింపవచ్చునా అను ప్రశ్న గ్రామ సంఘములలో తరచు వచ్చుచున్నది. మందిరపు కప్పు కారుచుండగా దారపు ఉండలు కొనుట ఏమి న్యాయమని కొందరు పెద్దలు అడుగుదురు. ఆలాగు అడుగుటలో తప్పు లేదు. అయితే ప్రత్యక్షపు గుడారము కట్టబడిన విధము చూడుడి. నిర్గమకాండము 35వ అధ్యాయములో ప్రధానులు రత్నములు తెచ్చిరి, స్త్రీలు తమ చేతులతో వడికిన నూలు తెచ్చిరి. రెండును యెహోవాకు అర్పణగానే లెక్కకు వచ్చెను. బెసలేలునకు దేవుడు పనితనము మాత్రమే గాక, ఇతరులకు నేర్పు బుద్ధిని కూడ ఇచ్చెనని అక్కడనే యున్నది. నేర్పుటయు దేవుని వరమే గనుక, దానికి ఖర్చు పెట్టుట మందిరమునకు ఖర్చు పెట్టుటకంటె వేరు కాదని మా తలంపు.

కాని నేర్పుటతో మన బాధ్యత తీరునా? కష్టమైన ప్రశ్న ఇదియే.

పశ్చిమ గోదావరిలోని నరసాపురపు లేసు మనలో అనేకులు ఎరిగినదే. 19వ శతాబ్దములో మిషనెరీ కుటుంబముల స్త్రీలు ఆ ప్రాంతపు బీద స్త్రీలకు, ముఖ్యముగా క్రొత్తగా విశ్వాసములోనికి వచ్చినవారికి, కొక్కెపు సూదితో దారము అల్లుట నేర్పిరి. అది మంచి పని. తల్లి నుండి కుమార్తెకు, ఇంటి నుండి ఇంటికి, కులము దాటి కులమునకు ఆ విద్య ప్రాకినది. కాలక్రమమున వ్యాపారము మాత్రము ఏజెంట్ల చేతికిని, ఎగుమతిదారుల చేతికిని పోయెను. జర్మనీ దేశపు పండితురాలు మరియా మీస్ 1970ల చివర ఆ గ్రామములలో విచారించి, 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఒకామె పువ్వులు అల్లును, మరియొకామె వాటిని అతుకును. తాము చేసినది ఏ దేశమునకు పోవుచున్నదో, ఎంతకు అమ్ముడగుచున్నదో వారికి తెలియదు. రోజంతయు వంగి కూర్చున్నను చేతికి వచ్చునది బహు స్వల్పము.

ఇట్లు ఎందుకు జరిగెను? వ్యాపారుల దురాశ అని ఊరకుండుట సులభము. మాకు తోచినది మరియొకటి యున్నది. ఆ స్త్రీలను పనివారని ఎవరును పిలువలేదు. ఇంట కూర్చుండి తీరిక వేళ అల్లుకొను గృహిణులని పిలిచిరి. ఏమి తీరిక! తెల్లవారకముందు లేచి నీళ్లు తెచ్చి, వంట చేసి, పిల్లలను పంపి, గేదెకు గడ్డి వేసి, ఆ తరువాత దీపము పెట్టువరకు సూది పట్టుకొనుట తీరికయా? పొలములో కోత కోసిన పురుషునికి అది పని, అరుగు మీద కన్నులు పోగొట్టుకొను స్త్రీకి అది కాలక్షేపము. తీరిక అను ఆ చిన్న మాటయే కూలిని తగ్గించెను. మన ఇండ్లలోను, మన కూడికలలోను ఆ మాటను ఎంత తరచుగా వాడుచున్నామో చూచుకొనవలెను. కోసినవారి కూలి బిగబట్టినయెడల అది మొఱపెట్టునని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో చెప్పెను. అల్లినవారి కూలికి నోరు లేదా?

2024లో నరసాపురపు లేసుకు భౌగోళిక గుర్తింపు లభించెను. సంతోషమే. ఇతర ప్రాంతపు సరుకును ఆ పేరుతో అమ్మకుండ అది కాపాడును. అయితే ఊరి పేరు కాపాడబడినంత మాత్రమున అల్లిన స్త్రీకి న్యాయమైన వెల దానంతటదే రాదు.

కాబట్టి సంఘము డబ్బు ఇచ్చునప్పుడు, సూదులు పంచి ఫొటో తీయించుకొని ఇంటికి పోకూడదు. దారము సంఘమే ముందుగా కొని పెట్టవలెను. దారము అప్పుగా ఇచ్చినవాడే వెల నిర్ణయించును గదా. నేర్పు వృద్ధురాలికి జీతమియ్యవలెను. ఆమె సేవ ఉచితమని తలంచినచో మరల ఆ తీరిక మాటకే వచ్చితిమి. వచ్చిన సొమ్ము భర్త చేతికి గాని, సంఘ కోశాధికారి చేతికి గాని కాక, ఆమె పేరనున్న బ్యాంకు ఖాతాలో పడవలెను. సామెతలు 31వ అధ్యాయము చివర గుణవతియైన భార్య చేతిపని ఫలము ఆమెకే ఇయ్యవలెనని యున్నది. వివాహములలో ఆ అధ్యాయము చదువుదుము గాని, ఆ చివరి మాట దగ్గర ఎవరును ఆగరు.

యౌవనులకును ఇందులో పని యున్నది. క్రొత్త నమూనాలు గీయుట, ఫోనులో పట్టణపు ధరలు చూచుట, ఏజెంటు లేకుండ కొనువారితో మాటలాడుట వారు త్వరగా నేర్చుకొందురు. అల్లిక ఆడపని అని నవ్వు మగపిల్లలకు బెసలేలు కథ చదివి వినిపింపుడి.

మరి డబ్బు ఎక్కడిది? మన తెలుగు సంఘములలో వంట చేయునప్పుడెల్ల పిడికెడు బియ్యము దేవునికై తీసి పెట్టు స్త్రీలు ఉన్నారు. ఆ బియ్యముతో పాఠశాలలును మందిరములును నిలిచినవి. కొన్ని వారముల పిడికిళ్లు చేర్చినచో కొన్ని దారపు ఉండలు వచ్చును. దానితోకూడ ఒక లెక్కల పుస్తకము కొనుడి. దారము ఖరీదు, అల్లిన గంటలు, అమ్మిన ధర అను మూడు వరుసలు గీసి, ఈ నెల స్త్రీల కూడికలో వారిచేతనే వ్రాయింపుడి.