అమ్మకూడని నేల

మా పల్లెలో డి-ఫారం పట్టా ఉన్న ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ నేల దున్నుకుంటున్న ఇళ్ళు మాత్రం వేళ్ళమీద లెక్కే. 1977లో 9వ నంబరు చట్టం వచ్చింది. భూమిలేని పేదలకి ప్రభుత్వం ఇచ్చిన నేలని అమ్మకూడదు, కౌలుకి కూడా ఇవ్వకూడదు. రిజిస్ట్రారు ఆ కాయితం పుచ్చుకోకూడదు. ఎవరన్నా కొన్నా చెల్లదు, తిరిగి పట్టాదారుకో వారసులకో ఇప్పించాలి. చదువుకోడానికి ఎంత బాగుంది!

మరి నేల చేతులెట్లా మారింది? తెల్లకాయితం మీద. పెళ్ళికి, రోగానికి, పాత బాకీకి. అమ్మొద్దన్న చట్టం ఆసుపత్రి ఖర్చు ఎవడు పెడతాడో చెప్పలేదు. చెల్లని అమ్మకం గనక ధరా పలకలేదు.

"మా నేల అమ్ముకోడానికి ఇంకోడి సెలవెందుకురా? ఊళ్ళో రైతుల్ని ఎవడన్నా అడుగుతున్నాడా?" అంటాడు మా చిన్నాన్న. ఆ మాటలో పౌరుషం ఉంది, కాదనను. మనల్ని మైనరు పిల్లల్లా చూసే చట్టమే అది. కానీ బాకీ కింద వేసిన వేలిముద్రని ఇష్టం అని ఎట్లా అంటాం? అప్పిచ్చినోడే కొనేవాడైనప్పుడు బేరం ఎక్కడుంది? ఆకలి ముందు తీరాలి, అమ్ముకునే స్వేచ్ఛ సంగతి ఆ తర్వాత.

2023లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టాన్ని సవరించి, పట్టా ఇచ్చి 20 ఏళ్ళు దాటితే అమ్ముకోవచ్చన్నారు. హక్కే. కాకపోతే నేల ఇప్పటికే ఎవరి చేతిలో ఉందో వాళ్ళే ముందుగా సంతకాలకొస్తారు.

చిన్నాన్నకి ఒకటే చెప్పాను. ఎస్సీలకి 1987 న్యాయసేవల చట్టం కింద ఉచితంగా వకీలునిస్తారు, ఆదాయం అడగరు. ముందు అడంగల్ నకలు తీయించు, అనుభవదారు గడిలో ఎవరి పేరుందో చూద్దాం.