రెండుసార్లు వచ్చే శనివారం

టోక్యోలోని హనేడా విమానాశ్రయం నుంచి హవాయిలోని హోనొలులుకు పసిఫిక్ మీదుగా దూరం సుమారు 6,200 కిలోమీటర్లు. తూర్పుకు వెళ్లేటప్పుడు పైగాలులు వెనక నుంచి తోస్తాయి కాబట్టి దాదాపు ఏడు గంటల్లో చేరవచ్చు. తిరుగు ప్రయాణానికి ఎనిమిదిన్నర, తొమ్మిది గంటలు పడుతుంది. రెండు ఊళ్ల గడియారాలకూ తేడా 19 గంటలు. అందుకే శనివారం రాత్రి తొమ్మిదింటికి టోక్యోలో ఎక్కినవారు అదే శనివారం ఉదయం తొమ్మిది ప్రాంతంలో హోనొలులులో దిగుతారు. మామూలు ప్రయాణికుడికి ఇది హోటల్ గది ఏ తేదీకి తీసుకోవాలన్న చిక్కు. నిష్ఠగల యూదుడికి ధర్మసందేహం.

యూదుల సబ్బాతు శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలై శనివారం చీకటిపడి నక్షత్రాలు కనిపించేదాకా ఉంటుంది. ఆ వేళ పని చేయకూడదు, నిప్పు రాజేయకూడదు, దూరప్రయాణం కట్టకూడదు. టోక్యోలో దాన్ని ముగించుకుని బయల్దేరినవారికి హోనొలులులో మళ్లీ సబ్బాతే ఎదురవుతుంది. మధ్యలో సూర్యుడు ఒకసారి అస్తమించి ఒకసారి ఉదయించాడు. రాత్రి కాస్త కురచైంది, అంతే. రోజు కొత్తదే, పేరే పాతది.

మన ఏకాదశికి ఈ తంటా లేదు. తిథిని నిర్ణయించేది సూర్యచంద్రుల మధ్య కోణదూరం. అమెరికాలోని తెలుగువారు అక్కడి సూర్యోదయానికి గణించిన పంచాంగం చూసుకుంటే చాలు. ఉగాది ఒక్కోసారి వారికి ఒకరోజు ముందే రావడం ఇందువల్లే. వారానికి ఆకాశంలో ఆనవాలేదీ లేదు. అది వట్టి ఏడు రోజుల లెక్క. గుండ్రని భూమి మీద ఆ లెక్క ఎక్కడో ఒకచోట తెగక తప్పదు. 180 డిగ్రీల రేఖాంశం దగ్గర తేదీ మార్చే దినరేఖ నావికుల అలవాటుతోనూ, ఆయా దేశాల ఇష్టంతోనూ స్థిరపడింది. యూదుల ధర్మగ్రంథమైన తోరాలో దాని ఊసే లేదు.

అందుకే 1941లో జపాన్‌లోని కోబేలో తలదాచుకున్న యూదు శరణార్థులకు యోమ్ కిప్పూర్ ఉపవాసం ఏ రోజన్న ప్రశ్న వచ్చింది. జెరూసలేంలోని రబ్బీల్లో, అంటే యూదు మతగురువుల్లో, ఎక్కువమంది బుధవారమన్నారు. హజోన్ ఇష్‌గా పేరొందిన రబ్బీ కరేలిట్జ్ గురువారమన్నారు. ఆయన లెక్కలో దినరేఖ జెరూసలేంకు తూర్పున 90 డిగ్రీల దగ్గర, అంటే జపాన్‌కు పడమరగా పోతుంది. రబ్బీ తుకచిన్‌స్కీ దాన్ని జెరూసలేం నుంచి 180 డిగ్రీల దగ్గర, హవాయికి తూర్పుగా పెట్టారు. విచిత్రమేమంటే వీటిలో ఏది ఒప్పుకున్నా టోక్యో, హోనొలులు ఒకే పక్కన పడతాయి. సబ్బాతు రెండుసార్లు రానే రాదు. అయితే మొదటి లెక్కన టోక్యోలో సబ్బాతు అక్కడి ఆదివారానికి జరుగుతుంది, రెండో లెక్కన హోనొలులులో అక్కడి శుక్రవారానికి.

సబ్బాతు ఎవరున్న చోటును బట్టి వారికి వర్తిస్తుందని 16వ శతాబ్దంలోనే రబ్బీ డేవిడ్ ఇబ్న్ జిమ్రా తేల్చారు. ఆచరణలోనూ చాలామంది స్థానిక శనివారాన్నే పాటిస్తారు. జపాన్‌లో మరీ పట్టింపు ఉన్నవారు ఆదివారం కూడా సబ్బాతులో ముఖ్యంగా నిషిద్ధమైన పనులు మానుకుంటారు. శనివారం రాత్రి ఎక్కితే దారిలోనే సబ్బాతు పడుతుంది గనుక, ఇలాంటివారికి అనువైనది ఆదివారం రాత్రి విమానం. అది హోనొలులులో దిగేది ఆదివారం ఉదయం.