ఆ చెడ్డ స్నేహితుడు ఎవరి కుమారుడు?

"మావాడు అమాయకుడండీ, స్నేహితులే వానిని చెడగొట్టిరి" అను మాట మన సంఘములలో తరచుగా వినుచున్నాము. పిల్లవాని జేబులో గుట్కా పొట్లము దొరికినను, మోటారు సైకిలుమీద ముగ్గురెక్కి పడి కాలు విరిగినను, తలిదండ్రుల నోట మొదట వచ్చునది ఇదే. ఆ మాట చెప్పు తల్లి దుఃఖమును తేలికగా చూడరాదు. అయితే ఆ స్నేహితుని ఇంటను ఒక తల్లి యున్నది. ఆమెయు ఇదే మాట చెప్పుచున్నది. ఇద్దరి మాటలును నిజమైనచో, చెడగొట్టినవాడెవడు?

ఇది చిన్న ప్రశ్న కాదు. 2019లో మన దేశమున 13 మొదలు 15 ఏండ్ల విద్యార్థులను గూర్చి జరిగిన సర్వేలో నూటికి 8.5 మంది ఏదో యొక రూపమున పొగాకు వాడుచున్నట్లు తేలినది. 18 ఏండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదనియు, విద్యాలయమునకు 100 గజముల లోపల అసలే అమ్మరాదనియు 2003 నాటి చట్టము చెప్పుచున్నది. అంగడివాని దోషమును మనము తక్కువ చేయము. కాని మొదటి సిగరెట్టును పిల్లవాని చేతిలో పెట్టువాడు తరచుగా అంగడివాడు కాడు. ప్రక్క బల్లమీద కూర్చుండువాడు, స్నేహముతోనే, "ఒక్కసారి చూడరా" అని ఇచ్చును.

రెహబాము సంగతిని చెడు సహవాసమునకు దృష్టాంతముగా చెప్పుట మనకు వాడుక. పెద్దల ఆలోచన కాదని, తనతో పెరిగిన యౌవనస్థుల మాట విని, పది గోత్రములను పోగొట్టుకొనెను. అయితే మొదటి రాజుల గ్రంథము 12వ అధ్యాయమును నిదానముగా చదివినయెడల మరియొకటి కనబడును. అతడు పెద్దల మాటను ముందే విడిచెను. ఆ తరువాతనే స్నేహితులను అడిగెను. తాను వినగోరిన మాట ఎక్కడ దొరకునో అతనికి తెలియును. (అప్పటి కతని వయస్సు 41 సంవత్సరములు! ఈ జబ్బు పిల్లలకే యని పెద్దలమైన మనము నిబ్బరముగా నుండ వీలులేదు.) నేటి పరిశోధకులును ఇట్లే చెప్పుచున్నారు: స్నేహితులు పిల్లవానిని మార్చుట నిజమే, తన కోరికకు తగిన స్నేహితులను వాడు వెదకుకొనుటయు నిజమే.

అట్లయిన భారమంతయు వానిమీదనే వేయుదమా? అదియు న్యాయము కాదు. 2011లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో కొందరిచేత కారు తోలు ఆట ఆడించిరి. స్నేహితులు వేరొక గదినుండి చూచుచున్నారని తెలిసినంతనే పదునాలుగు, పదునెనిమిది ఏండ్ల మధ్యవారు ఒంటరిగా ఆడినప్పటికంటె ఎక్కువ తెగించిరి. పెద్దవారిలో అట్టి మార్పు కనబడలేదు. కాబట్టి చేసిన చేతితోపాటు, చూచి మెచ్చుకొనిన కన్నులకును ఆ దోషములో పాలున్నది. నేడు లాగబడువాడే రేపు లాగువాడు. మన పిల్లలను లాగబడువారిగా మాత్రమే చూచుట మనకు హాయిగా నున్నది గాని, అది సగము సత్యమే.

దానియేలు ధైర్యమును మనము ఎంతయో పొగడుదుము. ఇల్లు విడిచి, దూరదేశపు నగరులో, రాజు పెట్టు భోజనమును వద్దనుట యౌవనస్థునికి సులభమా? కాని హనన్యా, మిషాయేలు, అజర్యా అతనితోకూడ నుండిరని మరచిపోవుచున్నాము. ఆ బల్లయొద్ద వద్దన్నవారు నలుగురు. 1950లలో ఆష్ అను శాస్త్రజ్ఞుడు కాలేజీ విద్యార్థులకు గీతల పొడవు పోల్చు పరీక్ష పెట్టెను. తోటివారందరు కావలెనని తప్పు చెప్పగా, నూటికి 75 మంది ఒక్కసారియైనను కన్నులయెదుట నున్న నిజమును విడిచి ఆ తప్పునే పలికిరి. గదిలో మరియొక్కడు నిజము చెప్పినప్పుడు ఆ లొంగుబాటు బహుగా తగ్గెను. ఒక్కడు చాలెను!

జూన్ నెలలో పిల్లలను హాస్టలులో దింపునప్పుడు "ఫలానా వారితో తిరుగకు" అని చెప్పుదుము. "తోటివాడు వద్దన్నప్పుడు నీవు నవ్వితివా? వానిప్రక్కన నిలిచితివా?" అని సెలవులకు వచ్చినప్పుడు అడుగు ఇండ్లు ఎన్ని? అడిగినయెడల వాడు తల వంచుకొని అన్నము కెలుకుచు ఊరకుండవచ్చును. గద్దింపక, వాని భోజనము ముగియువరకు మనము అక్కడనే కూర్చుందము.