తప్పును గప్పుట ప్రేమయా?

సంస్కృతమున వ్యసనమను మాటకు దురభ్యాసమనియు, ఆపద యనియు గూడ నర్థములు గలవు. తెలుగున దుఃఖించుటను వ్యసనపడుట యందుము. త్రాగుడు ప్రవేశించిన యింటిని జూచినవారి కీ యర్థము లన్నియు నొక్క మాటలో నేల యిమిడినవో వేఱుగా జెప్పనక్కఱలేదు. వ్యసనము భర్తది, వ్యసనపడుట భార్యది. నేనిందు విచారింపదలచినది యీ రెండవవారి ధర్మమును గుఱించియే. మొదటివానికి వైద్యులు గలరు, శాసనములు గలవు. ఉపదేశకులైతే యవసరమునకు మించియే యున్నారు.

ముందుగా నా తప్పు చెప్పుకొనవలెను. నా తమ్ముడొక కార్యాలయమున గుమాస్తా. వాడు లేవలేని యుదయములందు వానికి జ్వరమని పై యధికారికి సెలవుచీటి వ్రాసి పంపినవాడను నేను. ఇట్లు నాలుగేండ్లు జరిగినది. నా తరగతిలోని పిల్లవాడు తండ్రి పేర దొంగసంతకము చేసి తెచ్చినచో దండించువాడనే! దుకాణమువాని బాకీ నొకసారి నేను దీర్చితిని, ఒకసారి మా తల్లి గాజులమ్మి తీర్చినది. మరదలు పొరుగువారియెదుట నవ్వుచు దిరిగెడిది. ఎవరైన వచ్చినచో "నాన్నగారికి తలనొప్పి" యని చెప్పుమని పిల్లలకు నేర్పినది. ఇదంతయు బ్రేమచేతనే చేసితిమి. వాడు మానిన పిమ్మట నొకనాడు నాతో ననెను: "అన్నయ్యా, నీవు వ్రాసిన యొక్కొక్క చీటితో నేను మఱియొక నెల త్రాగితిని. నిన్ను దప్పుపట్టుటకు నాకు నోరు లేదు. ఉన్నమాట చెప్పుచున్నాను."

"ఇంటిగుట్టు లంకకు జేటు" అను సామెతను నేనే పలుమారు మరదలికి వినిపించియుంటిని. ఇప్పుడాలోచింపగా, లంక చెడినది విభీషణుడు నోరు విప్పుటచేతనా, ఇంటివారి మాట రావణుడు విననందుచేతనా యని సందేహము కలుగుచున్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు గుట్టు మాట ప్రక్కకుబెట్టి సారాదుకాణమును మూయించిరి. ఆ కదలికవలన 1993లో సారా నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చెను. 1997లో నది సడలిపోయెను. శాసనము పోయినను ఇంటిలోని పని మిగిలియే యున్నది.

"అటులైన వానిని వీధిలోనికి దోయుదుమా?" యని యడుగువారుందురు. కప్పుట, తోయుట, ఈ రెండే మార్గములని మనము భ్రమపడుచున్నాము. మూడవ మార్గమును దమయంతి చూపినది. మనవారిలో బెక్కండ్రు శృంగారనైషధముతో దృప్తిపడుదురు; అందలి కథ జూదము దాక రాదు. భారతారణ్యపర్వమునందలి దమయంతి వేఱు. నలుడు పుష్కరునితో నాడి రాజ్యము నోడుచుండగా నామె తలుపులు మూయలేదు. మంత్రులను రప్పించి, వారు వచ్చియున్నారని భర్తకు జెప్పెను. అతడు వినలేదు. అంతట వార్ష్ణేయుడను సారథివెంట బిడ్డల నిద్దఱిని గుండినపురమునకు బంపెను. ఆ పిదపనే భర్తతో నడవికి బోయెను. బిడ్డల రక్షణము ముందు, భర్తృసాహచర్యము తరువాత. (నేటి స్త్రీ యడవిదాక పోవలెనని నేననను. చేయి చేసికొను భర్తనుండి తానును దొలగుట యధర్మము గాదు.)

మాన్పించుటను గూర్చి యొక్కమాట. ఏండ్లతరబడి మిక్కుటముగా ద్రాగినవాడు హఠాత్తుగా మానినచో వణకు, మూర్ఛ, మతిభ్రమము గలిగి ప్రాణమునకే ముప్పు రావచ్చును. గదిలో బెట్టి తాళము వేయుట చికిత్స కాదు. వైద్యుని యొద్దకే కొనిపోవలెను.

మానిన తరువాతి కాలము సుఖమని నేననుకొంటిని. కాదు. 1935లో నమెరికాలో ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘమును స్థాపించిన యిద్దఱిలో నొకడు బిల్ విల్సన్. అతని భార్య లోయిస్ యేండ్లకొలది యతడు మానవలెనని కోరినది. మానిన పిమ్మట నొకనాడు సభకు వేళయైనది, త్వరపడుమని యతడనగా నామె చేతిలోని పాదరక్షను విసరికొట్టినది. ఆ కోప మామెకే యాశ్చర్యమును గలిగించెను. 1951లో నిట్టి కుటుంబములవారి కొఱకు అల్-అనాన్ అను వేఱొక సంఘమును నెలకొల్పినవారిలో నామె యొకతె. మా యింటను అంతే. వాడు త్రాగిన దినములలో నేడ్వని మరదలు, మానిన పిమ్మట చిన్నమాటకును గన్నీరు పెట్టుచుండెను. "ఇన్నాళ్లు నాకు దీరిక యేదీ, బావగారూ!" అని యొకసారి యన్నది.

క్షమించుట యొక్కదినమున జరుగవచ్చును, నమ్ముట జరుగదు. దమయంతియు బాహుకుని వెంటనే నమ్మలేదు. కేశినిని బంపి, వాని వంటను రుచి చూచి, బిడ్డలను జూడగనే కార్చిన కన్నీటిని విని, ఆపైననే పిలిపించెను. కాని యామె పరీక్ష కొకనాడు ముగింపు గలదు. మన యిండ్లలో దానికి ముగింపుండదు. పదేండ్లు మానినవాని ముఖము కొంచెము వాడినను నలుగురి చూపులును వానిపైననే.

తమ్ముడు మానిన పదునాలుగవ నెలలో మరల మూడుదినములు త్రాగెను. ఇక నంతయు ముగిసినదని నేను గూలబడితిని. వైద్యుడు మాత్రము దీర్ఘవ్యాధులయందు వలెనే యిందును తిరుగబెట్టుట గలదని చెప్పి, మరల రమ్మనెను. ఈసారి నేను చీటి వ్రాయలేదు. వాడే కార్యాలయమునకు బోయి యున్నది యున్నట్లు చెప్పుకొనెను. నేను వీధిగుమ్మమువఱకు దోడుపోయి, అక్కడ నిలుచుంటిని. రెండు నెలల జీతము పోయినది, ఉద్యోగము పోలేదు.

అది జరిగి రెండేండ్లయినది. జీతము మరల వాని చేతికీయవచ్చునా యని మొన్న మరదలడుగగా సగమిమ్మంటిని. సరిగా జెప్పితినో లేదో యెఱుగను. మా తల్లి యిప్పటికిని సాయంకాలము వాడు గుమ్మమెక్కగనే సంచి యందుకొను నెపమున దగ్గఱకు వచ్చి వాని యూపిరి వాసన చూచును. ఆమె పొట్టిది. వానికి సంగతి దెలియును. ఏమియు ననక కొంచెము వంగి నిలుచును.