మీదేవూరు బాబూ?

కిందటి వేసవి సెలవుల్లో జరిగిన చిన్న సంగతితో మొదలుపెడతాము. తెనాలిలో బంధువుల పెళ్లి. భోజనాల పంక్తిలో ఒక పెద్దాయన మా పద్నాలుగేళ్ల అబ్బాయిని “మీదేవూరు బాబూ?” అని అడిగారు. వాడు తడుముకోకుండా “ఇబ్రా అండీ” అన్నాడు. పక్కనే ఉన్న వాడి నాయనమ్మ నవ్వేసింది గాని, ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఆ రాత్రి మేమిద్దరం వాణ్ణి మందలించాము. “తెనాలి అని చెప్పాలిరా” అన్నాము. “తెనాలిలో నేను ఏడాదికి ఇరవై రోజులుంటాను. మిగతా రోజులు ఇబ్రాలో ఉండేది నేను కాదా?” అని అడిగాడు. మాకు జవాబు తోచలేదు. మన సభ్యుల ఇళ్లలోనూ ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వచ్చే ఉంటుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

‘నేను’ అన్నది పిల్లలు పుట్టుకతో తెచ్చుకునే సరుకు కాదు. పుట్టిన మూడు రోజుల్లోపే శిశువు తల్లి గొంతును ఇతరుల గొంతులనుంచి వేరుగా గుర్తిస్తుందని 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే శాస్త్రజ్ఞులు చూపారు. అంటే తాను ఎవరో తెలియకముందే, తనను పిలిచేవారెవరో తెలుస్తుందన్న మాట. 1972లో బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ అనే ఆమె పిల్లల ముక్కుకు ఎర్రరంగు పూసి అద్దం ముందు ఉంచింది. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్యకు వచ్చేసరికి చాలామంది అద్దంలోని ముక్కును వదిలి తమ ముక్కునే తడుముకున్నారు. బిడ్డ బుగ్గన దిష్టిచుక్క పెట్టి అద్దం చూపించే మన తల్లులు తెలియకుండానే ఇటువంటి పరీక్షే చేస్తున్నారు.

మాటలు వచ్చే రోజుల్లో పిల్లలు “నాకు బువ్వ” అనడానికి ముందు తరచు “చిన్నికి బువ్వ” అంటారు. మనం పిలిచిన పేరే వాళ్లకు మొదటి ‘నేను’. ఆ తర్వాత తమ్ముడికి అన్న, మేనమామకు అల్లుడు, తాతకు మనవడు. ఒక్కొక్క పిలుపుతో ఆ ‘నేను’ కొంత పెరుగుతుంది. ఇక్కడ మన పిల్లలకు ఆ పిలుపులు తక్కువ. ఎదురైనవారందరూ అంకుల్, ఆంటీ.

యౌవనం వచ్చేసరికి ఈ ముక్కలన్నిటినీ ఒకటిగా కూర్చుకోవలసిన పని పడుతుందని ఎరిక్ ఎరిక్‌సన్ 1950లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు. ఆయన 1902లో జర్మనీలో డేనిష్ తల్లికి పుట్టాడు. కన్నతండ్రి ఎవరో ఆయనకు తెలియదు. మారుతండ్రి ఇంటిపేరుతో పెరిగి, అమెరికా పౌరుడైన 1939లో ఎరిక్‌సన్ అనే పేరు పెట్టుకున్నాడు. తానెవరో తేల్చుకోవడం ఎంత కష్టమో ఆయనకు అనుభవంలో ఉన్నదే. అయితే ఆ తేల్చుకోవడం ఒంటరిగా జరిగేది కాదనీ, చుట్టూ ఉన్నవారు “అవును, నువ్వు ఇతడివే” అని ఒప్పుకోవాలనీ ఆయన అభిప్రాయం. ఆ రాత్రి మేము ఒప్పుకోలేదు. మా తప్పు అక్కడ ఉంది.

దూరం పోనక్కరలేదు, ఇబ్రాలోనే దృష్టాంతం ఉన్నది. ఈ ప్రాంతపు కుటుంబాలు ఎన్నో ఒకప్పుడు జాంజిబార్ వెళ్లి స్థిరపడ్డాయి. 1964 జనవరిలో అక్కడ విప్లవం వచ్చి చెదిరిపోయాయి. 1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కిన తర్వాత చాలామంది పూర్వీకుల దేశానికి తిరిగివచ్చారు. మా పొరుగున ఉన్న ఒక పెద్దమనిషి అటువంటి కుటుంబంవాడే. ఇంట్లో తల్లితో స్వాహిలీ, వీధిలో అరబ్బీ. “మీది ఏ ఊరు?” అని ఒకసారి అడిగాము. “తాతది ఇబ్రా, అమ్మ వంట జాంజిబార్, నాకు రెండూ కావాలి” అన్నాడు. ఆయన మాటలో సంకోచం లేదు.

మరి మాకెందుకు సంకోచం? నిజం చెప్పుకుంటే, బెంగ పిల్లవాడిది కాదు, మాది. ఇక్కడ మనల్ని డాక్టరనీ, ఇంజనీరనీ, మాస్టారనీ పిలుస్తారు. ఆ పిలుపు ఉద్యోగం ఉన్నంతవరకే, వీసా ఉన్నంతవరకే. చిన్ననాటి ముద్దుపేరుతో పిలిచేవారు ఊళ్లో ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఆఖరివారు కూడా పోయిన నాడు ఆ పేరుగల మనిషి ఎక్కడ ఉంటాడు? ‘నేను’ పెద్దయ్యాక స్థిరపడిపోతుందనుకోవడం భ్రమ. అది కదులుతూనే ఉంటుంది. మన ‘తెనాలి’ మన చేయి జారుతుంటే, దాన్ని గట్టిగా పట్టుకోమని పిల్లల చేతిలో పెడుతున్నాము.

మన భాషలో ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. ‘మేము’లో ఎదుటివారికి చోటులేదు. ‘మాది తెనాలి’ అన్నంతసేపూ పిల్లవాడు బయట నిలబడి వింటున్నాడు. వాడి ఇబ్రాను కూడా కలుపుకుంటే తప్ప అది ‘మనది’ కాదు. అలాగని తెనాలిని వదులుకోమని కాదు. రేపు చదువుకో, ఉద్యోగానికో వాడు ఇబ్రా విడిచి వెళ్లవలసినవాడే. అప్పుడు వాడికి రెండు ఊళ్లూ అవసరమవుతాయి.

కనుక సభ్యులకు మా మనవి: మన కలయికల్లో పిల్లలకు వరసలు నేర్పుదాము. బాబాయి, పిన్ని, అత్తయ్య అని పిలిపించుకుందాము. మన ఊరి కథలు చెబుదాము, వాళ్ల ఊరి కథలు అడుగుదాము. రెండోది మనం తరచు మరచిపోతున్నాము.

మొన్న నాయనమ్మ ఫోనులో మనవడిని అడిగింది: “ఏరా, మీ ఇబ్రాలో ఎండలు ఎలా ఉన్నాయి?” వాడు అరగంటసేపు చెప్పాడు.