విత్తకుండా మొలిచిన కూర ఎవరిది?

తొలకరి పడిన కొద్ది వారాలకు చేలోనూ పెరట్లోనూ రెండు రకాల పచ్చదనం కనిపిస్తుంది. ఒకటి మనిషి విత్తినది, రెండోది తనంత తాను మొలిచినది. రెండోదాన్ని కలుపుగా పీకి గట్టున పడేస్తారు. కానీ అందులో వంటకు పనికొచ్చేవి ఎన్నో ఉన్నాయి. గంగవాయిల కూర కొద్దిపాటి పులుపుతో కందిపప్పులో ఇమిడిపోతుంది. చెంచలి కూర, చిలక తోటకూర వేపుడుకూ పప్పుకూ వస్తాయి. పొన్నగంటి కూర తడి నేలల్లో, కాలువ గట్లమీద అల్లుకుంటుంది. పచ్చడిలో పులిచింతాకే చింతపండు పని చేస్తుంది. లేత గలిజేరు ఆకును పప్పులో వేస్తారు. తెలంగాణలో వినాయక చవితినాడు తుమ్మికూర వండడం ఆనవాయితీ.

ఈ కూర తినడంలో ఒక ధర్మప్రశ్న ఉంది. దున్ని, విత్తి, నీరు పెట్టి పండించిన గింజ మీద హక్కు ఆ కష్టం చేసినవారిది. ఎవరూ విత్తనిదాని మీద హక్కు ఎవరిది? దాన్ని కోసుకుని తిన్నవారు ఎవరికైనా రుణపడతారా? పడితే ఆ రుణం తీరేదెలా? భారతీయ చింతనతోపాటు ఇతర మతాలు కూడా ఈ ప్రశ్నను తమ తమ దారుల్లో పట్టించుకున్నాయి.

మనుస్మృతి నాలుగో అధ్యాయం బ్రాహ్మణ గృహస్థుడి బతుకుతెరువులను వర్గీకరిస్తుంది. కోతల తర్వాత చేలో మిగిలిన గింజలు, వెన్నులు ఏరుకుని బతకడం ఋతం. అడగకుండా దొరికినది అమృతం. యాచించి తెచ్చుకున్నది మృతం. వ్యవసాయం ప్రమృతం. సేద్యాన్ని ఇంత కిందికి దించడానికి కారణం పదో అధ్యాయంలో కనిపిస్తుంది: నాగలి కర్రు నేలనూ, నేలలోని ప్రాణులనూ గాయపరుస్తుందని అక్కడి వాదం. ఆరో అధ్యాయం వానప్రస్థుడిని నేలమీదా నీటిలోనూ పెరిగే శాకాలు తినమంటుంది. దున్నిన నేలలో పుట్టినదాన్ని మాత్రం, ఎవరైనా వదిలేసినది అయినా సరే, ముట్టవద్దంటుంది.

ఏరుకుని బతికే ఈ ఉంఛవృత్తికి మహాభారతం గొప్ప గౌరవం ఇచ్చింది. అశ్వమేధపర్వంలోని సక్తుప్రస్థుడి కథలో, కరవు రోజుల్లో ఏరుకొచ్చిన గింజల పిండిని ఒక కుటుంబమంతా ఆకలితో ఉండి కూడా అతిథికి పెట్టేస్తుంది. ఆ ఇంట రాలిన పిండి మీద పొర్లి సగం ఒళ్లు బంగారమైన ముంగిస, మిగతా సగం కోసం ధర్మరాజు యజ్ఞశాలకు వస్తుంది. అక్కడ ఆ సగం మారదు. తక్కువ తీసుకుని, ఆ తక్కువలోంచే పంచినవాడి దానం రాజు చేసిన మహాయజ్ఞం కంటే పెద్దదని ఆ కథ తేలుస్తుంది.

అయితే మనుస్మృతి వర్గీకరణలో ఒక చిక్కు ఉంది. ఏరుకునేవాడికి గింజ దొరకాలంటే ముందు ఎవరో ఒకరు దున్ని ఉండాలి. దున్నినవాడి వృత్తి తక్కువదైతే, ఆ చేలో రాలిన గింజ ఎక్కువ పవిత్రం ఎలా అవుతుంది? పెరటి కలుపుకూ ఇదే వర్తిస్తుంది. గంగవాయిల కూర, చిలక తోటకూర గుల్లబారిన నేలను, ఎరువు పడిన మడిని, తడి తగిలే పాదును వెతుక్కుని వచ్చినట్టు మొలుస్తాయి. విత్తనం ఎవరూ వేయకపోవచ్చు, నేలను సిద్ధం చేసింది మాత్రం మనిషే. అందువల్ల ఈ కూర అడవిదీ కాదు, పూర్తిగా పంటా కాదు. వాన, నేల, గాలి, పక్షులు, రైతు అందరూ కలిసి ఇచ్చినది. ఇచ్చినవారు ఇంతమంది కాబట్టి దాన్ని ఒక్కరి సొత్తుగా చూడడం కుదరదు. ఎవరిదీ కాదని పాడుచేయడమూ తగదు.

ఈ భావానికి పురాణం దేవతారూపం ఇచ్చింది. మార్కండేయ పురాణంలోని దేవీమాహాత్మ్యం పదకొండో అధ్యాయంలో, నూరేళ్లు వాన లేని కాలంలో తన దేహం నుంచి పుట్టిన శాకాలతో లోకాన్ని పోషిస్తానని, వాన పడేదాకా అలా కాపాడి శాకంభరిగా పేరు పొందుతానని దేవి చెబుతుంది. విజయవాడ ఇంద్రకీలాద్రి మీద, వరంగల్ భద్రకాళి ఆలయంలో ఆషాఢంలో అమ్మవారిని కూరగాయలతో, ఆకుకూరలతో అలంకరించే ఉత్సవాలకు ఈ భావనే మూలం. శాకంభరి శాకానికి విత్తనం లేదు, నాగలి లేదు. కరవు వేళ మనిషిని కాపాడేది మనిషి పెంచనిదేనన్న అనుభవం ఆ కథలో నిలిచి ఉంది.

తెలుగువారి పూజల్లోనూ ఇలాంటి మొక్కలకు చోటుంది. వినాయకుడి ఇరవై ఒక్క పత్రిలో గరిక, ఉత్తరేణి, ఉమ్మెత్త ఉన్నాయి. చేలో కలుపుగా పెరిగే గునుగు బతుకమ్మలో ప్రధానమైన పువ్వు, దాని లేత ఆకు కూరకూ పనికొస్తుంది. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. పూజకు వచ్చిందల్లా ఆహారం కాదు. ఉమ్మెత్త విషం. పూజ మొక్కకు గౌరవం ఇస్తుంది, తినాలంటే గౌరవంతోపాటు ఎరుక కావాలి.

ఈ కూర తినడంలో మరో ప్రశ్న హింసకు సంబంధించినది. జైనం మొక్కను స్పర్శ అనే ఒకే ఇంద్రియం ఉన్న జీవిగా ఎంచుతుంది. బౌద్ధ వినయం భిక్షువులు నేల తవ్వడాన్ని, మొక్కలను పాడుచేయడాన్ని నిషేధిస్తుంది. గృహస్థుకు అంత కఠిన నియమం పొసగదు. కలుపు తీయకపోతే పైరు నిలవదు, పైరు లేకపోతే సన్యాసికి భిక్ష కూడా ఉండదు. ఈ ఇబ్బందిని మనుస్మృతి ఐదు సూనల రూపంలో ఒప్పుకుంటుంది. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్లకుండ: ఇంట్లో నిత్యం ప్రాణహాని జరిగే ఐదు చోట్లు. దానికి పరిహారంగా విధించిన పంచ మహాయజ్ఞాల్లో ఒకటైన భూతయజ్ఞం ఇతర ప్రాణులకు ఆహారంలో వాటా పెట్టడం. తన కోసమే వండుకునేవారు పాపాన్నే తింటారని భగవద్గీత మూడో అధ్యాయం చెప్పేదీ ఈ దృష్టితోనే. పీకిన మొక్కను వండినంత మాత్రాన హింస మాసిపోదు. కానీ ఎలాగూ తీయవలసి వచ్చిన ప్రాణం ఎండి వృథా కాకుండా ఒకరి ఆకలి తీర్చినప్పుడు ఆ చర్యకు ఒక బాధ్యత తోడవుతుంది.

ఇక మొదట అడిగిన హక్కు ప్రశ్నకు మళ్లీ వద్దాం. బైబిల్ లేవీయకాండం పొలం అంచుల వరకు కోయవద్దని, పరిగె బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని ఆజ్ఞాపిస్తుంది. ఏడో ఏట భూమిని బీడుగా వదిలి, దానంతట అది పండినది బీదలకూ, వారు విడిచినది అడవి మృగాలకూ దక్కనివ్వమని నిర్గమకాండం చెబుతుంది. నీరు, పచ్చిక, నిప్పు ఈ మూడింటిలో మనుషులందరూ భాగస్వాములని ముహమ్మద్ ప్రవక్త బోధగా హదీసు సంప్రదాయం చెబుతుంది. విత్తనిదాని మీద యజమాని హక్కుకు ఒక హద్దు ఉందన్న దగ్గర ఈ సంప్రదాయాలన్నీ కలుస్తాయి.

పల్లె ఆచారంలో ఈ ధర్మం శాస్త్రం అక్కరలేకుండానే నడిచింది. కలుపు తీసే కూలి స్త్రీలు పనికొచ్చే ఆకును ఒడిలో వేసుకుని ఇంటికి తీసుకుపోతారు, సాధారణంగా ఆసామి అభ్యంతరం చెప్పడు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసే దళిత మహిళా సంఘాలు చిరుధాన్యాల చేలల్లో విత్తకుండా వచ్చే ఆకుకూరలను ఆహారంగా గుర్తించి, వాటి పరిజ్ఞానాన్ని కాపాడుతున్నాయి. కలుపు మందు చల్లితే ఈ కూరలు పుట్టకముందే పోతాయి, మిగిలినవి తినడానికి పనికిరావు. ఒకరి పొలంలో తీసుకున్న నిర్ణయం మరొకరి కంచంలోని కూరను తీసేస్తుంది. కాబట్టి కలుపు మందు వాడకం ఖర్చు లెక్కతోనే తేలిపోయే విషయం కాదు, న్యాయానికి సంబంధించినది కూడా.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. వానప్రస్థుడు ఈ ఆహారాన్ని కోరి ఎంచుకున్నాడు. భూమి లేని కూలికి ఆ ఎంపిక లేదు. మొదటిది వైరాగ్యం, రెండోది లేమి. రెండోదాన్ని తపస్సుగా పొగడడం లేమిని దాచడమే అవుతుంది. అలాగే పేదల కూర అని ఈ ఆకులను చులకన చేయడం, అన్నాన్ని నిందించకూడదన్న తైత్తిరీయోపనిషత్తు వ్రతానికి విరుద్ధం. గంగవాయిల కూరలో ఆకుకూరల్లో అరుదుగా అంత మోతాదులో దొరికే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం ఉంది. చులకన చేసేవారికి ఆ సంగతి తెలియకపోవచ్చు, వండేవారు దాని విలువ ఎప్పుడో గ్రహించారు.

ఈ చింతన నుంచి ఆచరణకు కొన్ని నియమాలు వస్తాయి. ఆనవాలు కచ్చితంగా తెలియని మొక్కను ముట్టకూడదు. వయ్యారిభామ వంటివి కూరకే కాదు, చేతికీ హానికరం. మందు చల్లిన చేలో, మురుగు పారే చోట కోయకూడదు. గంగవాయిలలోనూ పులిచింతలోనూ ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ గనుక మూత్రపిండాల్లో రాళ్లున్నవారు మానుకోవాలి. గంగవాయిలను ఉడికించి నీరు వంపితే ఆ ఆమ్లం కొంత తగ్గుతుంది. ఇతరుల చేలో అయితే అడిగి కోయాలి. పెరట్లో కొన్ని మొక్కలను గింజ కట్టేదాకా వదలాలి, అవి పిచ్చుకలకూ చీమలకూ వచ్చే ఏటి మొలకకూ చెందినవి.

విత్తకుండా మొలిచిన కూర అవసరమైనవారి ఆకలికి చెందుతుంది, ఆ ఆకలి తీరిన దగ్గర హక్కు ముగుస్తుంది. మిగతాది ఇతర ప్రాణుల వాటా, రేపటి వాటా. రుణం తీరేది ఆ వాటాలను చెడకుండా నిలిపినప్పుడే.