మామూలు

సీసీ కెమెరాల్లో మనుషుల అసాధారణ ప్రవర్తనని కంప్యూటరు చేత పట్టించాలనుకునేవాళ్ళు తమ పద్ధతుల్ని పరీక్షించుకునే వీడియోల సంపుటి ఒకటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియేగో పరిశోధకులు 2010లో వాడినది. కాంపస్‌లో కాలిబాటల మీద ఎత్తున పెట్టిన కెమెరా తీసిన దృశ్యాలవి. శిక్షణకిచ్చే వీడియోల్లో నడిచే మనుషులే ఉంటారు. వాళ్ళని చూసి యంత్రం 'మామూలు' అంటే ఏమిటో నేర్చుకుంటుంది. ఆ తర్వాత అందులో ఇమడనిదల్లా పట్టుకోవాలి: సైకిలు, స్కేట్‌బోర్డు, చిన్న బండి, గడ్డిలో నడిచే మనిషి. అక్కడక్కడా, చక్రాల కుర్చీలో వెళ్తున్న మనిషి.

ఆ కుర్చీ దగ్గర నేను ఆగిపోయాను.

పరిశోధకులకి దురుద్దేశమేమీ లేదు. ఇంతకుముందు చూసినవాటితో పోలనిది అసాధారణం, అంతే. లెక్కల్లో ఆ మాటకి తప్పు అనే అర్థం లేదు. కానీ కంట్రోల్ రూమ్‌లో తెర మీద ఎర్రగడి వెలిగితే, ఎదురుగా కూర్చున్న ఉద్యోగి దాన్ని 'అరుదు' అని చదువుకోడు, 'అనుమానం' అని చదువుకుంటాడు.

యంత్రం హెచ్చరిస్తుంది, నిర్ణయం మనిషిదే కదా అంటారు. నిజమే. రైలు పట్టాల మీద పడిపోయినవాణ్ణి అలా చూడగలిగితే ఒక ప్రాణం నిలుస్తుంది, కాదనను. కానీ మా వీధిలో పక్షవాతం నుంచి కోలుకున్న పెద్దాయన ఒకరు పది అడుగులకోసారి గోడ పట్టుకుని ఆగుతూ నడుస్తారు. ఆయన్ని రోజూ ఎవరో తేరిపార చూసి, 'సరే, పోనీ' అని వదిలేస్తే ఆయనకేం నష్టం? ఏమీ లేదనిపిస్తుంది. అయితే వీధిలో మిగతావాళ్ళెవరూ రోజూ నిర్దోషులుగా తేలనక్కర్లేదు. ఆయనొక్కరే తేలాలి.

దీనికి రెండో వైపు ఇంకా ఇబ్బందికరం. తెలుగులో మామూలు అంటే లంచం కూడా. ఒక మలుపులో తోపుడుబళ్ళ వాళ్ళ దగ్గర ప్రతి సాయంత్రం ఎవరో వచ్చి డబ్బు వసూలు చేసుకుపోతున్నారనుకోండి. శిక్షణ వీడియోల్లో అది రోజూ ఉంటుంది కాబట్టి యంత్రానికి అది సాధారణమే. ఒకరోజు ఒక బండి మనిషి ఇవ్వనని చెయ్యి ఎత్తి ఎదురు తిరిగితే, ఎర్రగడి వెలిగేది ఆ మనిషి చుట్టూనే.

పద్ధతి ఎంత ఖచ్చితమో నూటికి ఇన్ని అని చెప్తారు. అంతకంటే ముందు, 'మామూలు' నేర్పిన వీడియోల్లో ఎవరెవరు నడిచారు, ఎవరు లేరు అని అడగాలి. ఎంత తరచుగా జరుగుతుందో లెక్క చెప్తుంది. అది జరగొచ్చో లేదో మాత్రం, ఆ దారిన నడిచేవాళ్ళందర్నీ కూర్చోబెట్టుకుని మనమే తేల్చుకోవాలి.